48 కమ్మీలు, మూడు గదులు: చిత్తూరు కలెక్టర్ గారికి, కమిషనర్ గారికి ఒక బేల్దారి మేస్త్రీ రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి, చిత్తూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారం.

నేను చిత్తూరులో బేల్దారి మేస్త్రీని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మిట్టూరులో, కొంగారెడ్డిపల్లెలో, మురకంబట్టు వైపు ముగ్గు పోసిన రోజు నుంచి గృహప్రవేశం దాకా దగ్గరుండి కట్టించిన ఇళ్లు చాలానే ఉన్నాయి. మా చిన్న పాప ఊళ్లో ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి చదువుతోంది. బడి పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరి మీదో ఫిర్యాదు చేయాలని ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. ఇలాంటి బడి ఇదొక్కటే అని కూడా నేను అనుకోవడం లేదు.

ఆ బడి వెనక మూడు గదులకు పునాది వేసి ఉంది. గుంతలు తీశారు, పిల్లర్ల అడుగున ఫుటింగులు వేశారు, నేల మట్టం దగ్గర పిల్లర్లను కలిపే ప్లింత్ బీమ్ దాకా తెచ్చారు. అక్కడ పని ఆగిపోయింది. ఎనిమిది పిల్లర్లు, ఒక్కో పిల్లరుకు ఆరు కమ్మీలు. మొత్తం 48 ఇనుప కమ్మీలు ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉన్నాయి. రెండు తుపాను సీజన్ల వానంతా వాటి మీదే పడింది.

పిల్లలకు మాత్రం అవి గదులే. మధ్యాహ్నం అన్నం తిన్నాక అక్కడే ఆడుకుంటారు. ఒకరోజు పాపను తీసుకురావడానికి కాస్త ముందే వెళ్లి గోడ దగ్గర నిలబడి చూశాను. తలుపు రావాల్సిన చోట బీమ్ మీద ఎవరో సుద్దతో రెండు గీతలు గీశారు. పిల్లలు ఆ రెండు గీతల మధ్యలోంచే లోపలికి పోతున్నారు, అక్కడి నుంచే బయటికి వస్తున్నారు. చుట్టూ గోడ లేదు, ఎటు నుంచైనా దూకి పోవచ్చు. ఒక్కరూ దూకలేదు. ఒక పిల్లోడు బీమ్ దాటి అడ్డంగా వస్తే మా పాప వాడి మీద అరిచింది: “రేయ్, గోడలోంచి వస్తావేంరా, వాకిట్లోంచి రా.” నాకు గుండె పట్టేసినట్టయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాతి ఆదివారం నా దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రోళ్లను వెంటబెట్టుకొని, బడి మేడమ్ గారికి చెప్పి అక్కడికి వెళ్లాను. కమ్మీలకు వైర్ బ్రష్ కొట్టాం. పొరలు పొరలుగా తుప్పు రాలింది. సిమెంటు పాలు కలిపి 48 కమ్మీలకూ పూశాం. ఆడుకునే పిల్లల కళ్లకు గుచ్చుకోకుండా ప్రతి కమ్మీ కొనకూ ఒక ఖాళీ వాటర్ బాటిల్ బోర్లించాం. అంతకుమించి నేను చేయగలిగింది లేదు. సర్కారు కట్టడం మీద ఇంజనీరు చెప్పకుండా చెయ్యి వేయకూడదని నాకు తెలుసు. ఆ మాత్రం పని కూడా మేడమ్ గారి ముందు, పగటిపూటే చేశాం.

మా పనిలో తెలిసిన సంగతి ఒకటి మీకు చెప్పాలి. పునాదిలోంచి పైకి వదిలిన కమ్మీ మీదే పిల్లరు కమ్మీ అతుకుతుంది. 16 ఎం.ఎం. కమ్మీకి అతుకు పొడవు కమ్మీ మందానికి కనీసం 50 రెట్లు, అంటే 800 మిల్లీమీటర్లు ఉండాలని మేం పాటిస్తాం. పైపై తుప్పు అయితే ఫరవాలేదు, బ్రష్ కొడితే పోతుంది. గుంతలు పడి కమ్మీ సన్నబడితే మాత్రం ఆ అతుకును నమ్మలేం. మొన్న కొలిచి చూస్తే చాలా కమ్మీలు ఇంకా బాగానే ఉన్నాయి. నాలుగైదు చోట్ల సన్నబడ్డాయి. తూర్పు మూల పిల్లరులో రెండు కమ్మీలు వంగిపోయాయి, ఏదో బండి తగిలినట్టుంది. వంగిన కమ్మీని సుత్తితో కొట్టి నిటారుగా చేస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ వంపు దగ్గర చీలిక పడొచ్చు. అది ఇంజనీరు చూడాల్సిన పని.

అంటే ఈ సంవత్సరం పని మొదలుపెడితే ఆ ఒక్క పిల్లరును, సన్నబడిన నాలుగైదు చోట్లను సరిచేసుకుంటే సరిపోతుంది. ఇంకో రెండు వానలు పడనిస్తే పునాదితో సహా పగలగొట్టాల్సి వస్తుందేమోనని నా భయం. ఇప్పటికే భూమిలో పెట్టిన సిమెంటు, జల్లి, ఇనుము, కూలీల చెమట అన్నీ మట్టిపాలవుతాయి. సగం కట్టి వదిలేసిన గది మనం నిద్రపోతున్నా ఖర్చు పెంచుతూనే ఉంటుంది. స్టోర్ రూములో అప్పట్లో దించిన సిమెంటు బస్తాలు కొన్ని మిగిలి ఉన్నాయి. ఒకదాన్ని కాలితో తడితే రాయిలా ఉంది. మూడు నెలలు దాటిన సిమెంటుకే బలం తగ్గుతుంది, ఇది దేనికీ పనికిరాదు.

ఇక పిల్లల సంగతి. మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. ఐదో తరగతి వరండాలో. ఒక టీచర్ ఎక్కాలు చెప్పిస్తుంటే ఇంకో టీచర్ తెలుగు పాఠం ఆపుకోవాల్సి వస్తోంది. నవంబరు వానకు వరండాలోకి జల్లు కొడితే ఐదో తరగతి పిల్లలు పుస్తకాల సంచీలు నెత్తిన పెట్టుకొని లోపలి గదిలోకి వస్తారు. అప్పుడు ఒక్క గదిలో మూడు తరగతులు. ఆ రోజుకు ఇక చదువు లేనట్టే. టీచర్లు మంచివాళ్లు, గొంతు పోయేలా చెబుతారు. తప్పు వాళ్లది కాదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. టీచరుకు ఒక గది, అబ్బాయిలకు అమ్మాయిలకు వేరుగా మరుగుదొడ్లు, తాగే నీళ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. ఇవేవీ మేం కొత్తగా కోరుతున్న కోరికలు కావు.

వంటగది గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది తరగతి గది గోడకు ఆనించి వేసిన రేకుల కింద. రెండు సిలిండర్లు అక్కడే. పిల్లలు చేతులు కడుక్కునే కుళాయికి పోవాలంటే ఆ పొయ్యి పక్క నుంచే పోవాలి. తమిళనాడులోని కుంభకోణం మనకు పరాయి ఊరేమీ కాదు. 2004 జూలై 16న అక్కడి బడిలో వంటపాక నుంచి అంటుకున్న మంటకు 94 మంది పిల్లలు బలయ్యారు. ఆ వార్త టీవీలో చూసినప్పుడు నాకు పెళ్లి కూడా కాలేదు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రిని. ఆ రేకుల కింద పొయ్యి వెలిగిన ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది. మూడు గదులు లేస్తే ఒక పాత గది ఖాళీ అవుతుంది, వంటను దూరంగా జరుపుకోవచ్చు. మేడమ్ గారు ఎక్కడికి జరపాలో అప్పుడే చూసి పెట్టుకున్నారు.

చిన్న ఊళ్లో బడి కట్టడం చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మేం ఒకసారి చేసి చూపించాం. 2019 నవంబరు 14న సర్కారు బడులను బాగుచేసే నాడు–నేడు పథకం మొదలైనప్పుడు మొదటి విడతలో రాష్ట్రం మొత్తం మీద 15,715 బడులను తీసుకున్నారు. అందులో మా బడి ఉంది. అప్పుడు మా పెద్దోడు అక్కడే చదివేవాడు. పనుల బాధ్యత తల్లిదండ్రుల కమిటీ చేతిలో పెట్టారు, డబ్బు కమిటీ ఖాతాకు వచ్చింది. మా ఆవిడ కమిటీ సభ్యురాలు. సాయంత్రం కూలి పని నుంచి వచ్చి, బస్తాలు ఎన్ని దిగాయో, ఎన్ని ఖర్చయ్యాయో నోటుబుక్కులో రాసేది. ఇసుకలో మట్టి ఎక్కువుందని ఒక ట్రాక్టరు లోడును వెనక్కి పంపించింది. మరుగుదొడ్లకు నీళ్లు వచ్చాయి, ఫ్యాన్లు తిరిగాయి, పిల్లలు బెంచీల మీద కూర్చున్నారు. ఆ పనిలో దొంగ లెక్క రాయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, ఎందుకంటే లెక్క చూసేవాళ్ల పిల్లలే ఆ గదుల్లో కూర్చునేది. ప్రభుత్వాలు మారుతుంటాయి, పథకాల పేర్లు మారుతుంటాయి. పేరు ఏదైనా పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు. లెక్క మాత్రం మళ్లీ తల్లుల చేతికి ఇవ్వండి.

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం ఎందుకు రాస్తున్నానో కూడా చెబుతాను. మున్సిపల్ బడుల పర్యవేక్షణ 2022లో పాఠశాల విద్యాశాఖకు వెళ్లింది. స్థలం, కట్టడం మున్సిపాలిటీవి. మాలాంటివాళ్లు ఒక కాగితం పట్టుకొని వెళ్తే ఇది ఇక్కడ కాదు అక్కడ అంటారు, అక్కడికి పోతే మళ్లీ ఇక్కడికే పంపుతారు. ఒక రోజు తిరిగితే ఒక రోజు కూలి పోతుంది. మీరిద్దరూ ఒక అరగంట కలిసి కూర్చుంటే తేలిపోయే పని ఇది.

మా ఊరు ఎటు పోతోందో అన్న బెంగ కూడా ఈ ఉత్తరం రాయించింది. 1911లో జిల్లా ఏర్పడినప్పటి నుంచి చిత్తూరు ఒక పెద్ద జిల్లాకు కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలైంది. తిరుపతి అటు పోయింది, శ్రీసిటీ అటు పోయింది, మదనపల్లె వైపు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. అంతకు ముందే, 2002లో చిత్తూరు డెయిరీ మూతపడింది. సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతపడింది. మా బడి పిల్లల తల్లులు చాలామంది మామిడి సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీలకు పోతారు. ఆ రెండు నెలలు గడిస్తే మళ్లీ ఏ పని దొరికితే ఆ పని. 2025లో తోతాపురి మామిడికి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది. తోట రైతు చేతిలో డబ్బు ఆడకపోతే ఇల్లు కట్టే పని ఆగుతుంది, నా దగ్గర కుర్రోళ్లకు కూలి ఆగుతుంది. ఈ ఊళ్లో అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

అలాగని ఊరు పెరగడం లేదని చెప్పను. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే, దాదాపు 260 కిలోమీటర్ల రోడ్డు, మన జిల్లా మీదుగానే పోతోంది. చిత్తూరు నుంచి తచ్చూరుకు ఆరు వరుసల రోడ్డు ఇంకొకటి. వేలూరు రోడ్డులో, తిరుపతి రోడ్డులో లేఅవుట్లు వరసగా పడుతున్నాయి, ఆ పని మాకూ అన్నం పెడుతోంది. సంతోషమే. అయితే నేను చూస్తున్నది చెబుతాను. స్థలం చూడ్డానికి వచ్చిన ప్రతి ఇంటాయనా నన్ను రెండు మాటలు అడుగుతాడు: బోరులో నీళ్లు పడతాయా మేస్త్రీ, దగ్గర్లో పిల్లలకు బడి ఉందా. మొదటిదానికి ట్యాంకరు పేరు చెప్పి తప్పించుకుంటాను. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. గ్రీమ్స్‌పేటలో ఇల్లు మొదలుపెట్టి, పై అంతస్తు ఆపేసి, పిల్లల చదువు కోసం తిరుపతికి అద్దెకు పోయిన కుటుంబం నాకు తెలుసు. కింది వాటా తాళం వేసి ఉంది, మేడ మీద, శ్లాబు పోసేటప్పుడు కింద ఆసరాగా పెట్టే సెంట్రింగ్ చెక్కలు ఎండకు పగులుతున్నాయి. ఎక్స్‌ప్రెస్‌వే మీద బెంగళూరు దగ్గరవుతుందని అందరూ అంటున్నారు. బడి లేకపోతే ఆ రోడ్డు మీదే మా పిల్లలు అటు వెళ్లిపోతారని నాకు భయం.

ఈ ఊరికి చదువు కొత్త కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లిన రామలింగారెడ్డి గారు మన కట్టమంచి మనిషే. కట్టమంచి ఇప్పుడు ఊళ్లో కలిసిపోయింది. ఆ చెరువు గట్టు మీద నుంచి రోజూ పనికి పోతూ ఉంటాను.

కొత్త లేఅవుటుకు అనుమతి ఇచ్చేటప్పుడు కనీసం 10 శాతం ఖాళీ స్థలం వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలని రూలు ఉంది. అది పార్కు కోసమని నాకు తెలుసు, దాన్ని బడికి ఇవ్వమని అడగడం లేదు. ఒకే వైపు నాలుగైదు లేఅవుట్లు పడుతున్నప్పుడు అక్కడ సర్కారు బడికి అర ఎకరమో ఎకరమో ఎక్కడ వస్తుందో ప్లాను గీసేటప్పుడే గుర్తు పెట్టండి. ఇరువారం వైపు, మురకంబట్టు వైపు ఇప్పుడైతే ఇంకా నేల ఉంది. ఇళ్లు నిండాక బడికి జాగా వెతకడమంటే నీవా నది ఒడ్డున మిగిలిన పల్లమే దొరుకుతుంది. 2021 నవంబరులో ఆ ఒడ్డు వీధుల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో ఊరంతా చూసింది.

ఇక అసలు అడగాలనుకున్నది. దయచేసి తారీఖులు చూడండి. వేసవి సెలవులు ఏప్రిల్ 24 ప్రాంతంలో మొదలై జూన్ 12న బడి తెరిచేదాకా ఉంటాయి. దాదాపు 50 రోజులు. గది 20 అడుగుల వెడల్పు. అంత పొడవు బీమ్ కింద సెంట్రింగ్ 21 రోజులు కదిలించకూడదు. మే మొదటి వారంలో శ్లాబు పోస్తేనే నెలాఖరుకు సెంట్రింగ్ విప్పగలం, జూన్ 12 లోపు పిల్లలు కూర్చునేలా నేల, తలుపులు చేయగలం. మే మొదట్లో శ్లాబు పోయాలంటే పిల్లర్లు ఏప్రిల్లోనే లేవాలి. దానికి మార్చి నడిమి నుంచి వచ్చే ఒంటిపూట బడులు మంచి అవకాశం. మధ్యాహ్నం పిల్లలు ఇంటికి పోయాక, చుట్టూ టార్పాలిన్ పట్టా కట్టి పని చేసుకోవచ్చు. అంటే మంజూరు కాగితం, మొదటి విడత డబ్బు ఫిబ్రవరి నెలాఖరుకు చేతికి రావాలి. మే నెలలో ఇస్తే ఆ డబ్బు మంచిదే కానీ పని వానల్లో పడుతుంది, పిల్లలు మధ్యలో ఉంటారు, మళ్లీ ఎక్కడో ఆగుతుంది. ఇలాంటి పనులు చాలా చోట్ల ఆగేది డబ్బు లేక మాత్రమే కాదు, డబ్బు వేళకు రాక. ఎండాకాలం పోగొట్టుకున్న బడి కట్టడానికి మళ్లీ ఏడాది వరకు దారి లేదు.

కొత్త గదులకు శంకుస్థాపన చేసే ముందు ఊళ్లో సగంలో ఆగిన గదులన్నీ ఒకసారి లెక్క తీయించండి. ఏ బడిలో ఏ మట్టం దాకా వచ్చింది, కమ్మీలు ఎలా ఉన్నాయి, పూర్తి చేయడానికి ఎంత కావాలి. ఒక ఇంజనీరు, ఒక మేస్త్రీ బైకు మీద తిరిగితే వారం రోజుల పని. ఆ లెక్క ప్రతి బడి గేటు దగ్గర బోర్డు మీద రాయించండి, పూర్తి చేసే తారీఖుతో సహా. మాకు చదువు తక్కువైనా తారీఖు చదవగలం.

పని మొదలైతే శ్లాబు పోసే రోజు నాకు, నా మనుషులకు కూలి వద్దు. మా వాళ్లతో మాట్లాడే ఈ మాట రాస్తున్నాను. కాంక్రీటు గట్టిపడేదాకా తడిగా ఉంచడానికి, అంటే క్యూరింగుకు, నీళ్లు పట్టే పని తల్లులు వంతులు వేసుకుంటామన్నారు. ట్యాంకరు నీళ్లు మాత్రం కార్పొరేషన్ పంపాలి, మా వీధిలో అంత నీళ్లు దొరకవు.

మీరు గానీ, మీ ఇంజనీరు గారు గానీ వచ్చేటట్టయితే ముందు రోజు బడికి ఒక్క మాట చెప్పి పంపండి. నేను వచ్చి బాటిళ్లు తీసి, ఒక్కో పిల్లరులో రెండు కమ్మీలకు సిమెంటు పూత గీకి, బ్రష్ కొట్టి సిద్ధంగా ఉంచుతాను. కొలుచుకోవడానికి వీలుగా ఉంటుంది. నేను కొలిచి రాసుకున్న కాగితం మేడమ్ గారి బీరువాలో ఉంది. తూర్పు మూల పిల్లరు దగ్గర మాత్రం జాగ్రత్తగా నడవండి, అక్కడ బీమ్ పక్కన మట్టి దిగింది.

ఇట్లు,
నాలుగో తరగతి పాప తండ్రి, బేల్దారి మేస్త్రీ,
చిత్తూరు